ఊఁ కొట్టే మనిషి

ప్రొఫెసర్లకు చెప్పడం రాదని నేనంటే నా మీదికి పోట్లాటకు రాకండి. ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పినవాళ్ళు, సభల్లో మైకు వదలనివాళ్ళు, వాళ్ళకు మాటలకేం కొదవ! కానీ జీవితమంతా పెట్టి వెతికిన సంగతిని పక్కింటావిడకు అర్థమయ్యేలా చెప్పమంటే మాత్రం నీళ్ళు నములుతారు. "ప్రస్తుత అధ్యయనం యొక్క పరిధిలో" అని మొదలుపెడతారు. అప్పటికే పక్కింటావిడ లేచి పొయ్యి మీద పాలు చూసుకోవడానికి వెళ్ళిపోయి ఉంటుంది.

అలాంటివాళ్ళను దారికి తెచ్చే మనిషి మా వినోదినక్క. ఉండేది మద్రాసు వాషర్‌మెన్‌పేట్‌లో, ఒక చీరల కొట్టు పైన మొదటి అంతస్తులో. కాలేజీల్లో, యూనివర్సిటీల్లో పరిశోధనలు చేసినవాళ్ళ చేత మామూలు మనుషులు చదివే పుస్తకాలు రాయించడం ఆమె పని. కొన్ని ఇంగ్లీషులో వస్తాయి, కొన్ని తమిళంలో. వాళ్ళు రాసుకొచ్చింది విప్పి, తీసెయ్యాల్సింది తీసేసి, వెనకది ముందుకు తెచ్చి, మళ్ళీ రాయించి, అచ్చు వేసేవాళ్ళను వెతికి పెట్టేదాకా భారం ఆమెదే. అట్ట మీద పేరు ప్రొఫెసరుగారిది. ఆమె పేరు చివర కృతజ్ఞతల్లో, ఫోటోలు తీసిన తోడల్లుడి పేరు పక్కన ఎక్కడో ఉంటుంది. అందుకు ఆమె ఏనాడూ బాధపడలేదు. నేనే ఆమె తరఫున కూడా బాధపడుతుంటాను.

నేను పుష్పవల్లిని. సౌకార్‌పేటలో పెళ్ళికార్డుల కొట్టు నాది. ముహూర్తాలున్న నెలల్లో కార్డులు, లేని నెలల్లో కంప్యూటరు మీద పుస్తకాలకు పేజీలు కట్టడం. అక్క చేతి మీదుగా వచ్చిన పుస్తకాల్లో చాలావాటికి పేజీలు కట్టింది నేనే. కాబట్టి ఆమె సంగతి చెప్పే హక్కు నాకుంది.

అక్కవాళ్ళది పాత మద్రాసు తెలుగు కుటుంబం. ఏ కాలంలో వచ్చారో ఇంట్లో ఎవరికీ తెలియదు. బడిలో చదివింది తమిళం, కాలేజీలో ఇంగ్లీషు, ఇంట్లో మాత్రం ఈడా ఆడా అనే మా తెలుగు. తెలుగు అక్షరాలను కూడబలుక్కుని చదువుతుంది. అయినా సరే, ఏ భాషలో వచ్చే పుస్తకమైనా ముందు ఆ ఇంటి తెలుగులోంచి దాటి వెళ్ళాల్సిందే. అది ఆమె పెట్టుకున్న పద్ధతి. ఒక్కో అధ్యాయాన్ని, కాగితం చూడకుండా, ఒక మనిషికి కథలా చెప్పాలి. ఆ మనిషి ఊఁ కొట్టాలి. మా ఇళ్ళల్లో కథ వినడమంటే అంతే కదా, ఊఁ కొట్టకపోతే అవ్వ కథ ఆపేసి పడుకునేది. ఊఁ వచ్చినంత మేర అధ్యాయం నడుస్తున్నట్టు. ఎక్కడ ఊఁ ఆగిపోయిందో అక్కడ ప్రొఫెసరుగారి వాక్యాలకు రోజులు మూడినట్టు.

ఆ ఊఁ కొట్టే మనిషి ఆమె మొగుడు నాగప్పన్.

నాగప్పన్ బావ అంబత్తూరులో ఒక కంపెనీలో లేత్ మిషన్ మీద పని చేసేవాడు. పదో తరగతితో చదువు ఆపేశాడు. సాయంత్రం షిఫ్టు దిగి వచ్చి, ఒంటికి అంటిన ఇనుప రజను, నూనె జిడ్డు పోయేలా రుద్దుకుని స్నానం చేసి కంచం ముందు కూర్చునేవాడు. అక్క వడ్డిస్తూ మొదలుపెట్టేది. బావ మహా మేధావి అని నేను చెప్పబోవడం లేదు. విన్నదాంట్లో సగం మర్చిపోయేవాడు, రాజుల పేర్లన్నీ కలిపేసేవాడు. ఆయనకున్నది ఒకటే గుణం. నచ్చనిదానికి గంగిరెద్దులా తల ఊపడం ఆయనకు చేతకాదు. మర్యాదకు అనే ఊఁ ఒకటి ఉండేది, అది వినగానే అక్కకు తెలిసిపోయేది. ముద్ద నోట్లో ఉండగానే తొందరపడి అనే ఊఁ ఇంకొకటి. ఆ రెండోదాని కోసమే ఆమె పగలంతా పని చేసేది.

ఒకసారి ఒక డాక్టరమ్మ నిద్ర గురించి రాసిన పుస్తకం పని జరుగుతోంది. మనిషికి నిద్ర ఎంత అవసరమో, చీకటి పడగానే ఒంట్లో ఏమేం జరుగుతాయో రెండు రోజులు చెప్పింది అక్క. బావ బుద్ధిగా ఊఁ కొట్టాడు. మూడో రోజు అన్నం కలుపుతూ అడిగాడు.

"అంతా సరే వినో, రాత్రి షిఫ్టు పోయేవాడు ఎప్పుడు పండుకునేది? వాడి మాటే ఎత్తలేదే మీ డాక్టరమ్మ?"

అక్క ఆ ప్రశ్నను డాక్టరమ్మ దగ్గరికి మోసుకెళ్ళింది. ఆమె కాసేపు ఆలోచించి, దాని మీద ఒక అధ్యాయమే రాసింది. పుస్తకం వచ్చాక చదివినవాళ్ళంతా దాని గురించే మాట్లాడారు. "మా ఆయన అడిగినాడు," అని అక్క పదిమందికి చెప్పుకుంది. ఆ చెప్పుకోవడం చూస్తే నాకు ముచ్చటేసేది, కాస్త ఒళ్ళు మండేది కూడా. నా మొగుడు నా కార్డులను చూసి ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు.

ఇంకొక సరదా ఉండేది వాళ్ళిద్దరికీ. సరిగ్గా రుచి తగిలిన చోట అక్క ఆపేసేది. "మిగతాది రేపు," అనేది. బావ బతిమాలేవాడు, అలిగేవాడు, పెరుగన్నం వద్దనేవాడు. ఆమె చెప్పేది కాదు. పెళ్ళయి అన్నేళ్ళయినా ఆ కాస్త ఊరింపుతో వాళ్ళ సాయంత్రాలు గడిచేవి. మొగుడు మల్లెపూలు తెస్తే మురిసిపోయేవాళ్ళను చూశాను గానీ, అధ్యాయం మధ్యలో ఆపి మురిసిపోయే ఆడదాన్ని ఈమెనే చూశాను.

ఆ సరదానే ఆమెను కాల్చింది.

జంతుశాస్త్రం చెప్పే నందిత అనే ప్రొఫెసరమ్మ సముద్రపు తాబేళ్ళ మీద ఒక పుస్తకం రాసింది. చలికాలం చివర్లో అవి మన ఊరి ఒడ్డుకు వచ్చి, ఇసుకలో గుడ్లు పెట్టి వెళ్ళిపోతాయి. నందిత విద్యార్థిగా ఉన్నప్పుడు మొదటిసారి ఒక తాబేలు రెక్కకు నంబరున్న చిన్న లోహపు బిళ్ళ తగిలించింది. మళ్ళీ వస్తుందేమోనని ఏటా అదే ఒడ్డున నడిచింది. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, ఉద్యోగం వచ్చింది, తల నెరిసింది, నడక మానలేదు. తాబేళ్ళ గురించి చెప్పాల్సిందంతా ఈ వెతుకులాట చుట్టూ అల్లించింది అక్క. అది ఆమె పనితనం. బావ ఆ పుస్తకానికి కొట్టినన్ని ఊఁలు ఇంకే పుస్తకానికీ కొట్టలేదట.

ఆఖరి అధ్యాయం ముందు రోజు అక్క మామూలుగానే ఆపింది.

"వచ్చిందా, రాలేదా? ఆ ఒక్క మాట చెప్పెయ్ వినో."

"రేపు చెప్తానయ్యా. ఒక్క దినం ఓర్చుకోలేవా?"

"సరి, పో. నువ్వు చెప్పకున్నా నాకు తెలుసులే," అని నవ్వుకుంటూ చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు పొద్దున కంపెనీ గేటు దగ్గర బస్సు దిగుతూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆస్పత్రికి చేరేలోగా ప్రాణం పోయింది. యాభై నాలుగేళ్ళ మనిషి, ఒంట్లో ఏ రోగమూ లేదనుకున్న మనిషి.

తాబేళ్ళ పుస్తకాన్ని ఆపే వీలు లేకపోయింది, అచ్చు వేసేవాళ్ళు తొందరపెట్టారు. అక్క ఆఖరి అధ్యాయం ఫైలు నాకు పంపి ఫోను చేసింది. "దీన్ని మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు పుష్పా. ఎట్లుండాదో నాకు తెలీదు. పేజీలు కట్టెయ్," అంది. పుస్తకం బాగా పోయింది. ఆమె తనకు వచ్చిన కాపీల కట్టను విప్పను కూడా లేదు. ఆ తర్వాత కొత్త పుస్తకాలు ఒప్పుకోవడం మానేసింది. బడిపిల్లల గైడ్లకు అచ్చుతప్పులు దిద్దుకుంటూ రోజులు నెట్టింది. ఆ పనికి ఎవరి ఊఁ అక్కర్లేదు.

అలా రెండేళ్ళు గడిచాక శివరామ్ సార్ ఆమె ఇంటి మెట్లెక్కాడు. లోహాల ప్రొఫెసరు. ఆయనదీ తమిళనాట పాతుకుపోయిన తెలుగు కుటుంబమే, కోయంబత్తూరు వైపు. రిటైరయ్యేలోగా ఒక పుస్తకం తేవాలని ఆయన కోరిక. దేని మీదంటే, తుప్పు మీద. మన ఉప్పుగాలికి కిటికీ కమ్ములు, సైకిలు చైన్లు, వంతెనల కింది కడ్డీలు ఎలా అరిగి రాలిపోతాయో దాని మీద. కాగితం లేకుండా చెప్పమంది అక్క. ఆశ్చర్యం, ఆయన చెప్పగలిగాడు.

"ఇనుము భూమిలో మట్టిగా ఉండేదమ్మా. మనమే దాన్ని కాల్చి, కరిగించి బలవంతంగా ఇనుము చేసినాం. దానికి మళ్ళీ మట్టి అయిపోవాలనే ఉంటుంది. తుప్పంటే అదే, ఇంటికి పోవడం."

అక్క లేచి లోపలికి వెళ్ళిపోయింది. కాఫీ తేవడానికి వెళ్ళిందని సార్ అనుకున్నాడట. ఎంతసేపటికీ రాలేదు.

"నిద్ర గురించి చెప్పినాను, గబ్బిలాల గురించి చెప్పినాను, పాతకాలం పన్నుల గురించి కూడా చెప్పినాను," అని మర్నాడు నా కొట్టులో కూర్చుని ఏడ్చింది. "అన్నేళ్ళలో ఇనుము గురించి ఒక్క పుస్తకం రాలేదే పుష్పా. ఇనుము పట్టుకోని బతికినోడు పోయినాక వచ్చింది. ఇది వింటే ఎన్ని అడిగేవాడో!"

సార్ మాత్రం ఆమె చేస్తేనే ఈ పుస్తకం, లేకుంటే లేదు అని కూర్చున్నాడు. అక్కకూ చెయ్యాలనే ఉంది. దాంతో ఊఁ కొట్టే మనిషి కోసం వెతుకులాట మొదలైంది.

ముందు కూతురు జనని. బంగారంలాంటి పిల్ల, ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చి కూడా అమ్మ ముందు కూర్చుంది. కానీ ఆ పిల్లకు తెలుగులో చెబితే తమిళంలో జవాబిస్తుంది. ప్రతి రెండు వాక్యాలకూ "సూపర్‌మా" అంది. అన్నీ సూపర్ అయితే ఏది కొట్టెయ్యాలో ఎలా తెలుస్తుంది? తర్వాత అత్తగారు తంగమ్మ. ఆవిడ ఊఁ బ్రహ్మాండంగా కొట్టింది, అక్క కథ ఆపి నీళ్ళు తాగుతున్నప్పుడు కూడా కొట్టింది. ఆఖరికి నా వంతు. నేను ఊఁ దగ్గర ఆగే మనిషిని కాదు. మా ఇంటి గేటు ఎలా తుప్పు పట్టిందో, పెయింటువాడు నన్నెలా మోసం చేశాడో చెప్పుకుంటూ పోయాను. అక్క ఓపిగ్గా నాకే ఊఁ కొట్టి వెళ్ళిపోయింది.

"సార్‌కి కుదరదని చెప్పేస్తా," అంది ఆ మధ్యాహ్నం ఫోనులో.

నాకు కోపం వచ్చింది. "బావ పోతే పని కూడా పోవాలా?"

"ఇది నాకు పని కాదే. ఆయనతో మాట్లాడేది ఇట్లనే. ఆయన ఒక మాట అడిగినాడు, నేను చెప్పలేదు. దాన్ని అట్లనే వదిలేసి, ఇంకొకరి ముందు కూర్చుని కొత్తది ఎట్ల మొదలుపెట్టేది? నోరు రావడం లేదు పుష్పా."

ఎప్పుడూ ఏదో ఒకటి అనే నేను ఫోను పెట్టేశాను.

ఆ వారంలోనే కూతురి పెళ్ళికార్డు కోసం ఒకతను మా కొట్టుకు వచ్చాడు. సిలువ గుర్తున్న కార్డులు చూపించమన్నాడు. పేరు పాల్‌రాజ్, అంబత్తూరు కంపెనీలో పని. నమూనాలు తిరగేస్తూ తలెత్తి గోడ వైపు చూశాడు. నేను పేజీలు కట్టిన పుస్తకాల అట్టలు అక్కడ అంటించి ఉంచుతాను. అతని చూపు తాబేలు బొమ్మ దగ్గర ఆగింది.

"ఆ రెక్కకి బిళ్ళ ఉండాదే, అది నందితమ్మ తాబేలా?" అన్నాడు.

"నీకెలా తెలుసు? పుస్తకం చదివావా?"

"పుస్తకం కూడా వచ్చేసిందా? మాకు నాగప్పన్ అన్న చెప్పినాడు. లేత్ నాగప్పన్. వాషర్‌మెన్‌పేట్."

నేను కార్డులు పక్కన పెట్టాను. అతను చెప్పుకుపోయాడు. మధ్యాహ్నం భోజనం గంట కొట్టగానే షెడ్డులో తెలుగు మాట్లాడేవాళ్ళంతా కేరియర్లు తీసుకుని గేటు ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర చేరేవాళ్ళట. నాగప్పన్ ముందు రోజు సాయంత్రం ఇంట్లో విన్నది వాళ్ళకు చెప్పేవాడట. ఒక పుస్తకం కాదు, అన్ని పుస్తకాలూ. ఏళ్ళ తరబడి.

"దినమూ మేమే ఊఁ కొట్టేది. మాకు ఏదన్నా సందేహం వస్తే, ఉండండ్రా ఇంటికి పోయి అడిగొస్తా అనేవాడు. ఆ తాబేలు కథ మాత్రం ఆఖర్లో నిలిచిపోయింది మేడం. చావింటికి పోయినాం. వదిన ఆడ కూర్చోనుండాది. ఆ ముఖం చూసి, తాబేలు వచ్చిందా అని ఎట్ల అడిగేది?" సిగ్గుపడుతూ అన్నాడు. "మీకు తెలుసు కదా. వచ్చిందా?"

నాకు తెలుసు. ప్రతి పేజీ నా చేతుల మీదుగానే వెళ్ళింది. నేను నోరు మూసుకున్న సందర్భాలు నా జీవితంలో బహు తక్కువ. ఆ రోజు మూసుకున్నాను.

"వదిననే అడుగు," అన్నాను.

అక్కకు ఈ సంగతి చెప్పాను. కోపం వచ్చింది. "నా కథలన్నీ ఆడ చెప్పినాడా? నాతో ఒక్క మాటైనా అనలేదే! దొంగ మనిషి!" అని తిట్టింది. తిడుతూ తిడుతూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. శుక్రవారం ఇద్దరం రెండు బస్సులు మారి అంబత్తూరు వెళ్ళాం.

టీ కొట్టు ముందు రెండు బెంచీలు, బోర్లించిన డ్రమ్ములు. అక్క కోసం ఎక్కడి నుంచో ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చారు. ఏడెనిమిది మంది కేరియర్లు విప్పుకుని కూర్చున్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అక్క చేతి సంచిని ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది.

చివరికి పాల్‌రాజ్ అందుకున్నాడు. "వదినా, ఆ నిద్ర పుస్తకంలో రాత్రి షిఫ్టు మాట ఉండాదే, అది అడిగింది నేనే. అన్నకి ఎప్పుడూ పగలు షిఫ్టే కదా."

అక్క అతని వైపు నోరు తెరిచి చూసింది. "అది నువ్వా? అది ఆయన ప్రశ్న అని ఊరంతా చెప్పుకున్నానే!"

అందరూ గొల్లున నవ్వారు. అక్క కూడా నవ్వింది. ఆ నవ్వుతో ఆమె గొంతు తెరుచుకుంది.

"మీకు ఎంత వరకు చెప్పినాడు?" అని అడిగింది.

నందితకు మోకాళ్ళ నొప్పులు మొదలైన చోటు వరకు, అన్నారు. అక్క లెక్క చూసుకుంది. ఆయన పోయిన రోజు మధ్యాహ్నం వాళ్ళకు చెప్పాల్సిన భాగం ఆ తర్వాతది. ముందు రోజు సాయంత్రం కంచం ముందు విని, పొద్దున్నే బస్సెక్కి, ఈ గేటు దాకా తెచ్చి, చెప్పకుండా పోయిన భాగం. ముందు దాన్నే చెప్పింది. మోకాళ్ళు సహకరించక నందిత ఆ ఏడాది నడక మానుకుందని, తన టార్చి లైటును విద్యార్థికి ఇచ్చేసిందని.

"ఊఁ," అన్నారు.

ఒక గొంతు కాదు, ఏడెనిమిది గొంతులు. కొందరివి అన్నం నమిలే గొంతులు. అక్క ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిచి, ఎవరికీ చెప్పని భాగంలోకి అడుగుపెట్టింది.

నందిత అన్నేళ్ళూ ఊరికి దక్షిణాన ఉన్న ఒడ్డునే వెతికింది, బిళ్ళ తగిలించింది అక్కడే కాబట్టి. నడక మానేసిన ఆ ఏడాదే, ఒక తెల్లవారుజామున విద్యార్థి ఫోను చేశాడు. ఉత్తరాన, ఎన్నూరు దాటాక, చేపల పడవలు లాగే చోట ఒక ముసలి తాబేలు గుడ్లు పెడుతోందని, రెక్కకు పాత బిళ్ళ ఏదో ఉందని.

"ఎన్నూరా! మన ఎన్నూరులోనా!" అని ఒకతను అరిచాడు. మిగతావాళ్ళు అతని నోరు మూయించారు.

నందిత ఆటోలో వెళ్ళింది. చేరేసరికి తాబేలు ఇసుక కప్పేసి సముద్రం వైపు తిరిగి పాకుతోంది. మోకాళ్ళు విరిగినా సరే అనుకుని ఆమె పక్కనే కూలబడింది. బిళ్ళ మీద పాచిని బొటనవేలితో రుద్దింది. అంకెలు అరిగిపోయి ఉన్నాయి, అయినా చదవగలిగింది. ఆమెదే. ఆమె చేత్తో తగిలించిందే. తాబేలు ఆమె వైపు చూడలేదు. దానికి ఆమె ఎవరో తెలియదు కదా. అలా పాక్కుంటూ నీళ్ళలోకి వెళ్ళిపోయింది.

"వచ్చింది," అంది అక్క. "ఏటా వస్తానే ఉండాదని ఆడి పడవలోళ్ళు చెప్పినారు. ఈమె వెతికింది ఒక చోట, అది వచ్చింది ఇంకో చోట."

పాల్‌రాజ్ తల పట్టుకున్నాడు. "పోయింది. నేను ఓడిపోతిని." షెడ్డంతా ఆ తాబేలు మీద పందెం వేసుకున్నారట. రాదని పాల్‌రాజ్, వస్తుందని నాగప్పన్. ఓడినవాడు అందరికీ టీ పోయించాలి.

"కానీ ఇది మోసం వదినా," అన్నాడు నవ్వుతూ. "అన్నకి ముందే తెలుసు కదా. నువ్వు చెప్పుంటావు. అందుకే అంత గట్టిగా వస్తాది, వస్తాది అనినాడు."

"లేదు పాల్‌రాజ్. ఆయనకి తెలీదు," అంది అక్క. "అడిగినాడు. నేను చెప్పలేదు."

దానికి ఎవరూ ఊఁ అనలేదు. పాల్‌రాజ్ లేచి టీ కొట్టులోకి వెళ్ళాడు. అందరికీ గ్లాసులు వచ్చాయి. మొదటి గ్లాసు అతనే తెచ్చి రెండు చేతులతో అక్కకు ఇచ్చాడు. "అన్న గెలిచిన టీ వదినా, తాగు," అన్నాడు. అక్క అందరి ముందు ఏడుస్తూ ఆ టీ తాగింది. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు.

గంట కొట్టేముందు ఆమే అడిగింది, తుప్పు గురించి ఒకటి ఉంది వింటారా అని. "తుప్పు గురించి మాకు చెప్పేదానికి ఏముండాది?" అని నవ్వారు. వచ్చే శుక్రవారం రమ్మన్నారు. ఇప్పుడు ప్రతి శుక్రవారం వెళుతోంది. ఒకసారి శివరామ్ సార్ కూడా వచ్చి డ్రమ్ము మీద కూర్చున్నాడు. పుస్తకం సగానికి పైగా అయింది, నేను పేజీల కోసం ఎదురుచూస్తున్నాను.

ఆ మొదటి రోజు మాత్రం తిరుగు బస్సులో అక్క సీటుకు వెనక్కి ఆనుకుని కూర్చుంది. మనసు తేలికపడిందనుకుని నేను సంతోషించాను. బస్సు పాడి స్టాపు దాటాక నా చెయ్యి పట్టుకుంది.

"పుష్పా, ఈ పొద్దు జరిగిందంతా ఎప్పుడెప్పుడు ఇంటికి పోయి ఆయనకి చెప్తామా అని ఉండాది. వాళ్ళు డ్రమ్ముల మీద ఎట్ల కూర్చున్నారో, ఎన్నూరు అంటే వాడు ఎట్ల అరిచినాడో, పాల్‌రాజ్ ఎట్ల తల పట్టుకున్నాడో. పందెం నువ్వే గెలిచినావయ్యా అని చెప్పాల. వడ్డించుకుంటా చెప్పాల." కిటికీ వైపు తిరిగింది. "ఈసారి మధ్యలో ఆపను. అంతా ఒకేసారి చెప్పేస్తా. వచ్చి కూర్చుంటే చాలు."